బయట తిన్న ఆడవాళ్ళు

ఆహారం మీద రెండు రోజుల సెమినార్ ముగిసిన సాయంత్రం మేం నలుగురం కలిసి బయట తినాలనుకున్నాం. రెండు రోజులూ మాంసం గురించీ మడి గురించీ పత్రాలు చదివి, మధ్యాహ్నాలు మాత్రం నిర్వాహకులు పెట్టిన పప్పు, బంగాళాదుంపల వేపుడు, పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం. (ఆహార రాజకీయాల మీద జరిగే సభల్లో కూడా భోజనాలు శాకాహారమే ఎందుకవుతాయో ఎవరైనా ఒక పత్రం రాస్తే బాగుండు.) అందుకని ఆ సాయంత్రం అందరికీ ఒకటే కోరిక, కూర తినాలని. మా తెలంగాణలో ఉత్తగా కూర అంటే మాంసమే.

నలుగురిలో ఒకరు గుంటూరు నుంచి వచ్చిన అధ్యాపకురాలు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ముప్పై దాటాక మాంసం రుచి చూసినావిడ. ఒకరు పాతబస్తీ ముస్లిం, ఉర్దూ కథల మీద పరిశోధన చేసింది. ఒకరు నల్గొండ మాదిగింటి ఆడబిడ్డ, కవి. ఎమ్మే చదివేటప్పుడు రెండేళ్ళు నాతో హాస్టల్ గది పంచుకున్నది. నాలుగోదాన్ని నేను, జనగామ దగ్గరి గౌడుల పిల్లని. ఎవరి పేర్లూ రాయడం లేదు. కులాలు మాత్రం రాయక తప్పదు.

నగరం చివర పల్లెటూరి వేషం కట్టిన హోటల్ అది. గోడకి ఎడ్లబండి చక్రం, గుమ్మం పక్కన ఇసుర్రాయి, పైన వేలాడే చేటలు, బుట్టలు. లోపలి గోడల నిండా ముసలమ్మల ఫోటోలు, ఎవరి అమ్మమ్మలో తెలియదు. మెనూ కార్డులో 'అరుదైన పల్లె రుచులు' అని ఒక పేజీ. తలకాయ కూర, కాళ్ళ పులుసు, కార్జం, తిల్లి, భేజా, బోటి, నల్ల.

"ఇవేవీ నేనెప్పుడూ తిన్లేదండీ. ఒక్కొక్కటీ ఒక ప్లేటు చెప్దాం, ట్రై చేద్దాం," అన్నారు గుంటూరావిడ ఉత్సాహంగా. తర్వాత కార్డు మీద వేలు పెట్టి, "నల్ల అంటే కొళాయి కదా?" అన్నారు. పాతబస్తీ మిత్రురాలు పకపకా నవ్వింది. హైదరాబాదులో నల్లా అంటే కొళాయే. కానీ యాటను కోసినప్పుడు పట్టిన నెత్తురు గడ్డకట్టాక, ముక్కలు చేసి వేయిస్తే అదీ నల్లే.

నల్గొండ మిత్రురాలు కార్డు మొత్తం చదివి, వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగింది: "తమ్మీ, పెద్దకూర లేదా?" ఆ పిల్లవాడు నవ్వాలో వద్దో తెలియక అటూ ఇటూ చూసి, "గది పెట్టరక్కా ఈడ," అన్నాడు మెల్లగా. ఆమె కార్డు మూసి పక్కన పెట్టింది.

ప్లేట్లు వచ్చాయి. బోటికి చింతచిగురు వేశారు, బాగుంది. నల్ల ముదురు గోధుమరంగులో, సన్నటి ముక్కలుగా, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో వచ్చింది. గుంటూరావిడ కళ్ళు మూసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "అయ్యో, ఇంత మెత్తగా ఉందే! కార్జంలా ఉంది," అని ఆశ్చర్యపోయారు. పాతబస్తీ మిత్రురాలు "నెత్తురు మాకు హరామ్, బోటి ఇటు జరుపు," అంది. అంతే. ముఖం చిట్లించలేదు, సంజాయిషీ చెప్పుకోలేదు. నల్గొండ మిత్రురాలు ఏమీ మాట్లాడకుండా చేత్తో కలుపుకుని తింటున్నది.

"మీరు తీసుకోరా?" అని నన్నడిగారు గుంటూరావిడ.

"మా ఇంట్లో ఇది తినేవాళ్ళు కాదండీ," అన్నాను.

నల్గొండ మిత్రురాలు తల ఎత్తి ఒక్క క్షణం నన్ను చూసి, మళ్ళీ తన కంచంలోకి చూసుకున్నది.

అది అబద్ధమని ఆమెకు తెలుసు. హాస్టల్లో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఇంటి వంటల గురించి చెప్పుకుంటూ ఉంటే నేనే చెప్పాను. మా అమ్మమ్మ నల్ల తినడమే కాదు, వండి అమ్మేది కూడా.

మా తాత తాళ్ళెక్కేవాడు. ఊరి చివర మండువలో కల్లు పోసేది తాత. ఆ పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టుకుని కూర్చునేది అమ్మమ్మ. వారంలో రెండు రోజులు, అంగడి రోజూ ఆదివారమూ, బోటి, నల్ల ఉండేవి. మిగిలిన రోజుల్లో గుడాలు. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా, అంటే తొంభైల నడుమ వరకూ, సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఇదంతా చూశాను.

ఆ హోటల్లో బోటి ఇరవై నిమిషాల్లో బల్ల మీదికి వచ్చింది. అమ్మమ్మకి అది ఒక పూట పని. పొద్దున్నే యాటను కోసిన చోటికి గంప తీసుకుని పోయేది. మా ఊళ్ళో హిందువుల పండగైనా సరే కోసేది సాయిబే. ఆయన బిస్మిల్లా అని కోస్తే ఆ నెత్తురు మా సర్వలోకి వచ్చేది. అది కదలకుండా ఒక మూలన పెట్టి, ముందు పేగుల పని పట్టేది. వాటిలోని పేడ పిండి, నీళ్ళు పోసి, చీపురుపుల్లతో ఒక్కొక్క పేగునీ లోపలి వైపు బయటికి తిప్పేది. పొట్ట సంచి తువ్వాల లాగా గరుగ్గా, నల్లగా ఉంటుంది. దాన్ని మరిగే నీళ్ళలో ముంచి, సున్నం రుద్ది, ఆ నలుపు పోయి తెల్లగా అయ్యేదాకా కత్తితో గీకాలి. తర్వాత ఉప్పుతో ఒకసారి, పసుపుతో ఒకసారి. నీళ్ళు ఎన్ని బిందెలో లెక్క లేదు. అవి మోసేది పదేళ్ళ మా అమ్మ. ఇదంతా అయ్యాక పొయ్యి వెలిగేది. సున్నానికి అమ్మమ్మ వేళ్ళ చివరలు ఎప్పుడూ పగిలి ఉండేవి. మాంసంలో మిగతా భాగాలకి మగవాళ్ళ చెయ్యి ఎక్కడో ఒక చోట పడుతుంది, కోయడానికో కొట్టడానికో పోగులు పెట్టడానికో. బోటి శుభ్రం చేసే మగవాడిని మా ఊళ్ళో నేను చూడలేదు.

అమ్మకి బడిపంతులుతో పెళ్ళయింది. హనుమకొండలో అద్దె ఇంట్లోకి వచ్చాక అమ్మ ఇంట్లోకి బోటిని రానివ్వలేదు. వాసన వస్తే ఇంటివాళ్ళు ఏమంటారో అని భయం. ఇంటివాళ్ళు ఎన్నడూ ఏమీ అనలేదు. అనే అవకాశం అమ్మ ఇవ్వలేదు.

నేను డాక్టరేట్ చేసింది తెలుగు సాహిత్యంలో స్త్రీలూ ఆహారమూ అన్న అంశం మీద. నాలుగో అధ్యాయం బయటి భోజనం గురించి. దాన్ని 'క్రీడాభిరామం'తో మొదలుపెట్టాను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరిగి, పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకి భోజనం చేస్తారు. స్నేహితులు కలిసి బయట తినడం గురించి మనకున్న పాత వర్ణనల్లో అదొకటి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) రాసేటప్పుడు ఈ కావ్యాన్ని విస్తారంగా వాడుకున్నారు. ఆ ఇద్దరూ మగవాళ్ళు. ఆ రూక భోజనంలో మాంసం ముక్క లేదు. అక్కడి నుంచి ఒక్క గంతులో 'కన్యాశుల్కం'కి వచ్చాను. 1892లో ప్రదర్శించి, 1909లో తిరగరాసిన ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ ఉంది. వితంతువు, వంట చేసి బతుకుతుంది, చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం మధురవాణి ఇంటికి వస్తుంది. మనం ఆ సన్నివేశానికి నవ్వి ఊరుకుంటాం. నేను మాత్రం ఆమె మీద పన్నెండు పేజీలు రాశాను. బయటి ప్రపంచానికి అన్నం అమ్మిన తెలుగు స్త్రీగా ఆమెని ఎత్తి చూపాను. తర్వాత 'బ్రాహ్మణ భోజన హోటల్', 'మిలిటరీ హోటల్' బోర్డుల కాలం, ఆ తర్వాత తెరలు కట్టిన ఫ్యామిలీ గదులు. తెలుగు స్త్రీ బయట కూర్చుని తినడం ఆ ఫ్యామిలీ గదులతోనే మొదలైందని తేల్చాను. వైవాలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

పూటకూళ్ళమ్మ గురించి పన్నెండు పేజీలు రాసిన ఆ థీసిస్‌లో, మూకుడు ముందు కూర్చున్న మా అమ్మమ్మకి ఒక్క వాక్యం లేదు. కృతజ్ఞతల పేజీలో మాత్రం 'ప్రేమను పంచిన అమ్మమ్మకు' అని ఉంది.

ఆమె ముందు కూర్చుని తిన్నదెవరు? మగవాళ్ళూ ఉండేవారు, నిజమే. కానీ నాట్లప్పుడు, కోతలప్పుడు సాయంత్రాలు ఆడవాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు. కూలి పైసలు కొంగున ముడేసుకుని, మండువలో ఒక పక్కన గుండ్రంగా కూర్చుని, కల్లు తాగి, మోదుగాకులో బోటి పెట్టించుకుని, ఆ రోజు పొలంలో ఎవరేమన్నారో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఒకరి ఆకులోంచి ఒకరు తీసుకునేవాళ్ళు. సొంత సంపాదనతో, తోటి ఆడవాళ్ళతో, మొగుడి తోడు లేకుండా బయట తినడం ఇది కాకపోతే మరేమిటి? ఏ తెరా లేదు, ఏ ఫ్యామిలీ గదీ లేదు. నేను చరిత్ర అని రాసింది ఇల్లు దాటడానికి అనుమతి కావలసిన కులాల ఆడవాళ్ళ చరిత్ర. దాన్ని 'తెలుగు స్త్రీ' అనే ఏకవచనంలో పెట్టేశాను.

ఎందుకు కనబడలేదా అని ఆలోచిస్తే నా సిగ్గు ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. ఆధారాలు వెతికే చోటే తేడా ఉంది. నిజాం ప్రభుత్వానికి ఆబ్కారీ పెద్ద రాబడి, కాబట్టి చెట్ల లెక్కా పన్నుల లెక్కా ఉంటాయి. చెట్టు పక్కన పొయ్యి మీది మూకుడు ఏ లెక్కలోకీ రాదు. ఇంకొకటి మన వైపు నుంచి. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మన తరానికి పాఠం లాంటిది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాని ఫలితాలే. తాగుడు అంటే మొగుడి తాగుడు, దెబ్బలు, ఖాళీ కుండ. ఇది అక్షరాలా నిజం, మా మేనత్త బతుకే సాక్ష్యం. అయితే ఆ నిజం ఎంత బలంగా మనసులో నాటుకుందంటే, మండువలో తమ పైసలతో తిని తాగి నవ్విన ఆడవాళ్ళని పెట్టుకోవడానికి మన స్త్రీవాద చరిత్రలో నాకు చోటు దొరకలేదు. సారా వేరు, కల్లు వేరు అని చెప్పడానికి కూడా భయపడ్డాను.

ఆ రాత్రి హోటల్ బల్ల దగ్గర గుంటూరావిడ ఇంకో మాట అన్నారు: "ఆకలి మనిషి చేత ఏమైనా తినిపిస్తుంది కదండీ. లేకపోతే పేగులూ నెత్తురూ తినాలని ఎవరికి తోస్తుంది?" ఆవిడ సానుభూతితోనే అన్నారు. దానికి జవాబు నా దగ్గర ఉంది, ఎందుకంటే అది పుస్తకాల్లో ఉంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం కూర్చాడు. కల్యాణి అంటే ఇప్పటి బసవకల్యాణ్, బీదర్ జిల్లా. ఆ జిల్లా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. రాజు అనుభవించవలసిన భోగాల్లో అన్నభోగం ఒకటని చెబుతూ, అందులో అడవిపంది, తాబేలు, కార్జం, శుభ్రం చేసి నిప్పుల మీద కాల్చిన పేగులు, చివరికి పొలాల్లో దొరికే ఎలుకలు ఎలా వండాలో కూడా వివరించాడు. ఇవేవీ కరువు తిండి కావు, రాజు పళ్ళెంలోవి. అదే పొలం ఎలుకని నెల్లూరు వైపు యానాదులు పట్టి తింటే అది వాళ్ళ వెనకబాటుకి గుర్తయింది. వస్తువు ఒకటే. రాజు తింటే భోగం, యానాది తింటే లేమి, ఇప్పుడు మనం రాసిన వాటిలో 'అరుదైన రుచి'. ఇదంతా నేను బల్ల దగ్గర గడగడా చెప్పాను. గుంటూరావిడ ఆసక్తిగా విన్నారు, డైరీలో రాసుకున్నారు కూడా. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి రాజు గురించి అంత ధైర్యంగా మాట్లాడిన నేను, మూడు రాళ్ళ పొయ్యి గురించి నోరెత్తలేదు.

మర్నాడు తెల్లవారుజామున పాతబస్తీ మిత్రురాలు మమ్మల్ని నహారీకి తీసుకుపోయింది. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన పాయా, జబాన్ ఫజర్ నమాజు వేళకి సిద్ధమవుతాయి, నాలుగు మూలల నాన్‌తో తింటారు. జబాన్ అంటే నాలుక. (ఉర్దూలో భాషకీ అదే మాట. "నా భాషని నంజుకు తింటున్నారు మీరు," అని ఆమె రెండుసార్లు అంది, రెండుసార్లూ నవ్వాం.) ఆ వేళకి ఫ్యామిలీ గది తెరవలేదన్నారు. మగవాళ్ళ మధ్య ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం. "నేను కూడా ఇక్కడ కూర్చుని తినడం ఇదే మొదటిసారి," అంది ఆమె. "ముప్పై ఎనిమిదేళ్ళు మా అబ్బా డబ్బాలో తెస్తే ఇంట్లో తిన్నా. వేడి ఇంత ఉంటదని తెల్వదు." చుట్టూ ఉన్నవాళ్ళు కాసేపు చూసి, తర్వాత తమ గిన్నెల్లో పడ్డారు. గుంటూరావిడ రాలేదు, ఉదయం రైలు.

పాయా సగం అయ్యాక నల్గొండ మిత్రురాలు నా వైపు తిరిగి అన్నది: "నిన్న మీ అమ్మమ్మను దాచినవ్."

నేను ఏదో చెప్పబోయాను. అలవాటైపోయిందనీ, కొత్తవాళ్ళ ముందు అలా వచ్చేస్తుందనీ.

"నాకు తెల్వదా," అన్నది. "కానీ దాచవెట్టిన దాన్ని తీస్తే అంతా తియ్యి. మా అమ్మ గూడ నాట్ల తర్వాత మండువకు పోయేది. మీ అమ్మమ్మసొంటామె మా అమ్మకు ఆకు చేతికియ్యకపోయేది. కింద పెట్టి జరిగేది. కల్లు మీదికెల్లి పోసేది. మా అమ్మ దోసిట్ల పట్టేది. గదైనా రాయి, రాస్తే."

నేను చూశాను దాన్ని. గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్ళు నవ్వుకునేవారని పైన రాశాను కదా, ఆ గుండ్రానికి పది అడుగుల అవతల ఇంకో గుండ్రం ఉండేది. ఒకరి ఆకులోంచి ఒకరు తీసుకోవడం ఏ గుండ్రంలో ఆ గుండ్రమే. చిన్నప్పుడు అది చెట్టూ పుట్టా లాగా ఊరికే అక్కడ ఉన్న సంగతి. హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి కూడా నేను ఆమెకి రెండో గుండ్రం గురించి చెప్పలేదు. ఆమె అడగలేదు. తెలుసు కాబట్టి అడగలేదని ఇప్పుడు అర్థమవుతున్నది.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండగ జరిగినప్పుడు మేమిద్దరం ఆ క్యాంపస్‌లోనే ఉన్నాం. ఆమె వెళ్ళింది. నేను పరీక్షలున్నాయని గదిలో ఉండిపోయాను. ఆ రాత్రి దాడి జరిగింది, ఒక విద్యార్థికి కత్తిపోటు తగిలింది. ఆమె గదికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, దుప్పట్లో చేతులు వణుకుతున్నాయి. నేను టీ పెట్టిచ్చాను. అంతవరకే. మళ్ళీ 2015 డిసెంబరులో తలపెట్టినప్పుడు కోర్టు ఉత్తర్వుతో, పోలీసులతో దాన్ని ఆపేశారు. అప్పటికి నేను థీసిస్ మూడో అధ్యాయంలో ఉన్నాను. మండువ ఆకులో ఉన్న బోటి, నల్ల ఇప్పుడు ఎడ్లబండి చక్రం కింద, మట్టి గిన్నెలో, పల్లె రుచిగా పైకి ఎక్కొచ్చాయి. వాటితో పాటు మా కులమూ కొంచెం ఎక్కొచ్చింది. పెద్దకూర దగ్గర మాత్రం ఆ పిల్లవాడు గొంతు తగ్గించాడు. గోగు శ్యామల 'నల్లపొద్దు' కూర్చింది. పుణె విశ్వవిద్యాలయంలోని స్త్రీ అధ్యయన కేంద్రం దళితుల ఆహార జ్ఞాపకాలతో 2009లో పుస్తకం తెచ్చింది, 'ఈ కంచం భారతీయమైనది కాదా' అని అడిగే శీర్షికతో. రెండూ నా ఉపప్రమాణ గ్రంథాల పట్టికలో ఉన్నాయి. నాలుగో అధ్యాయంలోకి మాత్రం రాలేదు.

థీసిస్‌ని పుస్తకంగా వేయమని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. నాలుగో అధ్యాయం తిరగరాయడానికి కూర్చున్నాను. మొదట అమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ మూకుడు ఎక్కడుందని అడిగితే, "పాత సామాన్లోనికి ఎప్పుడో ఏసిన, దానితో ఏం పని నీకు?" అన్నది. రాస్తున్నానని చెప్పాను. చాలాసేపు మాట లేదు.

"గవన్ని రాయకు బిడ్డా. నాయిన పరువు పోతది."

నేను రెండో గుండ్రం గురించి అడిగాను. ఆకు కింద పెట్టడం గుర్తుందా అని. అమ్మ వెంటనే, "అందరు గట్లనే చేసేటోల్లు," అన్నది. కాసేపాగి, "నీళ్ళు మోసుకచ్చేటప్పుడు నేను గూడ వాల్లను జరుగుమనేదాన్ని. పదేండ్లదాన్ని. మా అమ్మకన్న పెద్దోల్లను," అన్నది.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. బోటి ఎట్ల కడుగుతరని రాసినవో చదువుమన్నది. చదివాను.

"తప్పు రాసినవ్. సున్నం ముందు కాదు. ముందుగాల ఉడుకునీళ్ళల్ల ముంచి తియ్యాలె, ఎక్కువసేపు ఉంచొద్దు, తోలు పట్టుకుంటది. అప్పుడు సున్నం. సున్నం పిడికెడు చాలు, ఎక్కువైతే చేతులు తింటది. రాసుకుంటున్నవా?"

రాసుకుంటున్నానన్నాను.